సున్నా చెల్లదు

ఆ ఫారం సున్నాను ఒప్పుకోలేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

ఫారం నింపుతున్న మనిషిని ఆఫీసులో అందరూ అర్జీ అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది, అక్కడే ఉండిపోయింది. వరదలకీ కరువులకీ రోగాలకీ సాయం చేసే ఒక అంతర్జాతీయ సంస్థకు ఆ ఆఫీసు అతని దేశంలోని శాఖ. దాతలను సొమ్ము అడుగుతూ అక్కణ్ణుంచి వెళ్ళే ప్రతి ప్రపోజలూ ఇతని చేతిమీదుగానే వెళ్ళాలి. పద్నాలుగేళ్ళ అనుభవం. ఎంత పెద్ద కష్టాన్నైనా ఎనిమిది వందల అక్షరాల్లో, ఖాళీలతో సహా, ఇరికించగలడు. మొదటి పేరా ఏడిపించాలి, రెండో పేరా లెక్కలు చెప్పాలి, మూడో పేరా ఆశ పెట్టాలి. నాలుగో పేరా ఎవరూ చదవరు కాబట్టి అందులో నిజం రాసుకోవచ్చు. ఇదీ అతని విద్య.

ఈసారి రాస్తున్నది ఒక కాన్పు గది కోసం. ఆఫీసు నుంచి జీపులో రెండు గంటలు పోతే కొండవాలున నాలుగు పల్లెలకు కలిపి ఒకే ఒక్క గది. దాన్ని నడిపే నర్సమ్మ ఎవరో కాదు, అర్జీ సొంత అక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచి, చదివించి, తన పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే మొహం మీదే తలుపేసి, పంతొమ్మిదేళ్ళుగా ఆ గదినే కాపురం చేసుకున్న మనిషి. పాత దాత ఉన్నట్టుండి చేతులు దులుపుకున్నాడు. శుక్రవారం సాయంత్రం ఐదు లోపల కొత్త దాతకు ఈ ఫారం చేరకపోతే నెలాఖరుకు గదికి తాళం. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద మోసుకుంటూ నాలుగు గంటలు కొండ దిగాలి, దారిలో ఏమైనా అయితే అడిగే దిక్కుండదు. అక్క ఏమైపోతుందో ఆలోచించడానికే అర్జీకి భయం వేసింది.

ముప్ఫై ఏడు ప్రశ్నల్లో పదమూడు సాఫీగా సాగాయి. పద్నాలుగోది ఇలా ఉంది: ప్రాజెక్టు ప్రాంతంలో కాన్పు సమయంలో చనిపోయినట్టు నమోదైన తల్లుల సంఖ్య. దాని కిందే కాలం రాసే గళ్ళు రెండు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు. అర్జీ పాత ప్రపోజల్ తెరిచి అందులో ఉన్న మూడేళ్ళను ఎత్తి తెచ్చి ఇక్కడ అతికించాడు. ఆ ఆఫీసులో అదే పద్ధతి. పాతది ముందు పెట్టుకోకుండా కొత్తది రాసిన పాపాన ఎవరూ పోలేదు. ఆ అలవాటు వల్లే ఒకసారి చుక్క నీరు లేని ఊరికి ఆరు పడవలు మంజూరయ్యాయి. ఆ భాగోతం ఇప్పుడెందుకు లెండి.

మూడేళ్ళలో నాలుగు వందల పైచిలుకు కాన్పులు. పోయిన తల్లి ఒక్కరూ లేరు. అర్జీ గర్వంగా సున్నా కొట్టాడు. గడి చుట్టూ ఎర్ర గీత వచ్చింది: ఒకటి లేదా అంతకంటే ఎక్కువ సంఖ్య ఇవ్వండి.

గడి ఖాళీగా వదిలేశాడు. కుదరదంది. సున్నాను అక్షరాల్లో రాశాడు. అంకె కావాలంది. విసుగొచ్చి అర కొట్టాడు. మరణాలు పూర్ణసంఖ్యలో ఉండాలని మర్యాదగా గుర్తు చేసింది. అర్జీ తల పట్టుకున్నాడు.

దాతగారి ఆఫీసు ఎక్కడో ఖండాంతరంలో ఉంది. సందేహాలు తీర్చడానికి ఒక ఫోన్ నంబరు పెట్టారు. ఎత్తిన ఆవిడ గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఎవరికీ తిట్టబుద్ధి కాదు.

"మీ ఫారం సున్నా తీసుకోవడం లేదండీ."

"అవునండీ, సరిగ్గానే పనిచేస్తోంది."

"మా దగ్గర ఎవరూ చనిపోలేదండీ."

"చాలా సంతోషం. అయ్యో, పాపం కూడా."

"పాపం ఎందుకండీ?"

"ఎవరూ పోలేదంటే అక్కడ అవసరం లేదన్నమాట. అవసరం లేనివాళ్ళు ఈ ఫారం తెరవకూడదండీ."

"తెరిచేశాను కదా!"

"తెరిచాక మూయాలంటే పద్నాలుగో ప్రశ్న నింపాల్సిందేనండీ."

అర్జీకి ఒళ్ళు మండింది. "ఎవరూ పోనిది ఆ గది వల్లేనండీ! దాన్ని మూస్తే పోతారు!"

"అలాగా! అయితే మూసిన తర్వాత అప్లై చెయ్యండి. మీకు మంచి మార్కులొస్తాయి," అంది ఆవిడ ఎంతో ఆప్యాయంగా. "లేదా శుక్రవారం లోపు మీ పరిస్థితి మెరుగుపడితే అంకె మార్చుకునే వీలుంది. ఇంకేమైనా సాయం చెయ్యమంటారా?"

మర్నాడు డైరెక్టరుగారి గదిలో మీటింగు. డైరెక్టరుగారు కష్టమైన విషయం వచ్చినప్పుడల్లా తిరిగే కుర్చీలో ఒక చుట్టు తిరుగుతారు. ఆ రోజు మూడు చుట్లు తిరిగారు. పక్కన సూచికల మేడమ్. అంటే, ప్రాజెక్టులు ఎంత బాగా నడిచాయో అంకెల్లో కొలిచే ఉద్యోగిని. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టి కాగితాలు తిప్పింది.

"సగటు లెక్క ప్రకారం ఈ మూడేళ్ళలో పదకొండు మంది పోవాలి సార్. ఒక్కరూ పోలేదు. పదకొండు మంది లెక్కకు విరుద్ధంగా తిరుగుతున్నారు."

"ఎక్కడ తిరుగుతున్నారు?" అన్నారు డైరెక్టరుగారు ఆందోళనగా.

"ఇళ్ళల్లోనే సార్. పిల్లలతో."

డైరెక్టరుగారు నిట్టూర్చారు. "మీ అక్క మంచి మనిషేనయ్యా, కాదనను. కానీ ముందుచూపు లేదు. అందర్నీ బతికించేస్తే రేపు మనం ఏం చూపించి అడుగుతాం?"

అర్జీ పళ్ళు నూరుకుంటూనే ఆ మాటను మీటింగు నోట్సులో రాసుకున్నాడు. ఉద్యోగం మరి.

గంటన్నర తర్వాత సభ ఏకగ్రీవంగా ఒక నిర్ణయానికి వచ్చింది: ఒకటి వెయ్యాలి. పదకొండు అక్కర్లేదు, మనకంత ఆశ లేదు, ఒక్కటి చాలు. అక్కడికక్కడే అర్జీ చేత ఒకటి కొట్టించారు. ఎర్ర గీత మాయమై, దాని కింద కొత్త గళ్ళు బిలబిలమంటూ వచ్చాయి. చనిపోయిన తల్లి పేరు. వయసు. తేదీ. కారణం. బిడ్డ పరిస్థితి.

"ఏదో ఒక పేరు రాసేద్దామా సార్?" అంది సూచికల మేడమ్.

"ఛ ఛ! ఆడిట్ ఉందమ్మా!" డైరెక్టరుగారు చెవులు మూసుకున్నంత పని చేశారు. "అబద్ధం రాసే సంస్థ కాదు మనది. మనకు నిజమైన చావే కావాలి." అర్జీ వైపు తిరిగారు. "వెళ్ళి మీ అక్కని అడుగు. తమ్ముడు నోరు తెరిచి అడిగితే ఒక్కటి ఇవ్వదా?"

జీపు కావాలంటే ప్రయాణ పత్రం నింపాలి. ప్రయాణ కారణం అన్నచోట అర్జీ ఎంత గింజుకున్నా ఏమీ తోచక, ఉన్నదున్నట్టు రాశాడు: ఒక మరణం తీసుకురావడానికి. శుక్రవారం పొద్దున డ్రైవరు ఆ కాగితం చదివి తలకాయ అడ్డంగా ఊపాడు.

"శవం అయితే జీపు కుదరదండీ. వ్యాను రాయించుకోవాలి."

"శవం లేదయ్యా. వివరాలే."

"వివరాలయితే వెనక సీట్లో పట్టేస్తాయి," అని డ్రైవరు తృప్తిగా బండి తీశాడు.

గది ముందు రేకుల పంచ. పంచలో పొడుగాటి బల్ల, దానిమీద నిండు చూలాళ్ళు నలుగురు నడుములు పట్టుకుని కూర్చున్నారు. లోపల రెండు మంచాలు, పసిపిల్లల్ని తూచే త్రాసు, పొయ్యి మీద కత్తెరలు మరుగుతున్న గిన్నె. డెట్టాల్ వాసన. అక్క చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంటోంది. యాభై మూడేళ్ళు, పిడికెడు మనిషి, గొంతు మాత్రం నాలుగు పల్లెలకు సరిపోతుంది.

"ఏరా, చెప్పాపెట్టకుండా వచ్చావేంటి? మొహం అలా పీక్కుపోయింది, తిన్నావా లేదా?"

"తిన్నానక్కా. అది కాదు... ఈ మూడేళ్ళలో... అంటే మన దగ్గర... కొంచెం అటూ ఇటూ అయినవాళ్ళు ఎవరైనా..."

"నీళ్ళు నమలకుండా చెప్పరా."

"ఒక తల్లి కావాలక్కా."

"ఎవరికి?"

"ఫారానికి. చనిపోయిన తల్లి."

విషయం పూర్తిగా చెప్పేసరికి అక్క ఒంటికాలి మీద లేచింది. చేతుల మీది సబ్బు నురగ అర్జీ చొక్కా మీద పడుతోంది.

"నా గదిలో చావు కావాలా? నా గదిలో? సున్నా అంటే ఊరికే వచ్చిందనుకున్నారా మీ కుర్చీల్లో కూర్చుని? ఒక్కోదాన్ని బతికించుకోవడానికి నా నడుం ఎన్నిసార్లు విరిగిందో నీకు తెలీదా? రక్తం ఆగకపోతే పిడికిలి లోపల పెట్టి గంటసేపు అదిమి పట్టుకున్నాను, చెయ్యి తిమ్మిరెక్కి పడిపోయినా తియ్యలేదు! ఒక్కదాన్నైనా ఇవ్వను పో!"

"ఇవ్వకపోతే ఈ సాయంత్రంతో అయిపోతుందక్కా. నెలాఖరుకు తాళం వేసేస్తారు."

పంచలో బల్ల మీది ఆడవాళ్ళకు ఈ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. వాళ్ళలో లావుపాటావిడ గుమ్మంలోకి తొంగి చూసింది.

"మా అత్తని రాసుకోండి సార్."

అర్జీకి ప్రాణం లేచి వచ్చింది. "ఎప్పుడు పోయిందమ్మా?"

"పోలేదు. కానీ మీరు రాసుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

బల్లంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక చివర కూర్చున్న పిల్ల, ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు, మెల్లగా లేచి నిలబడింది.

"నన్ను రాయండి సార్. నేను పోయానని రాస్తే ఈ గది ఉంటుంది కదా? నాకు వచ్చేవారమే కాన్పు. కొండ దిగి పోలేను నేను, నాకు భయం. పేరు చెప్పమంటారా?"

అక్క ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది. "నిన్ను రాయడం ఏంటే, నోరుమూసుకుని కూర్చో," అని కసిరింది. లోపలికొచ్చి పొయ్యి మీది గిన్నె దించింది.

"ఒరేయ్, ఆ ప్రశ్న మళ్ళీ చదువు," అంది.

అర్జీ చదివాడు.

"నమోదైన, అన్నారు కదా. నమోదు అంటే నా రిజిస్టరే కదా. ఎప్పటి నుంచో వాళ్ళు చెప్పారా?"

"లేదు, అది మనమే రాసుకోవాలి."

"మరి మూడేళ్ళని నిన్నెవరు రాయమన్నారు?"

"పాత దాంట్లో అలా ఉంది..."

"పాత దాంట్లో ఉంటే? బుర్ర ఆఫీసులో తాకట్టు పెట్టావా?" అంటూ అక్క లోపలి ట్రంకుపెట్టె తెరిచింది. రిజిస్టర్లు ఐదు. నాలుగు పైకి తీసి పక్కన పెట్టి, అడుగున ఉన్న ఐదోది తీసింది. అట్టకు గుడ్డపట్టీ వేసి కుట్టి ఉంది. దాన్ని తమ్ముడి చేతికి ఇవ్వకుండా గుండెకు ఆనించుకుని మంచం అంచున కూర్చుంది.

"అమ్మ నీకు ఆర్నెల్లప్పుడు జ్వరంతో పోయిందని చెప్పాను కదా."

"ఊఁ."

"అబద్ధం చెప్పాను."

అక్క రిజిస్టరు మొదటి పేజీ తెరిచి అతని ఒళ్ళో పెట్టింది. "నేను చూసిన మొట్టమొదటి కాన్పు ఇది, ఈ కొండ మీదే. ఐదు రిజిస్టర్లలో ఉన్న చావు ఇదొక్కటే. అప్పటికి ఈ గది లేదు, నేను నర్సుని కాను. కానీ నర్సునయ్యాక పుస్తకం తెరిచిన రోజు, ఇది రాయకుండా రెండోది రాయబుద్ధి కాలేదు. రాసుకో. గడువు అయిపోతోంది."

సిగ్నలు రెండు గీతలు వచ్చేది కిటికీ పక్కన మాత్రమే. అర్జీ అక్కడ కూర్చుని ల్యాప్‌టాప్ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఎప్పటి నుంచి అన్నచోట ఉన్న ఏడాది చెరిపి, పేజీలో ఉన్న ఏడాది వేశాడు. నలభై ఒక్క ఏళ్ళ వెనక. ఫారం కిక్కురుమనలేదు. తల్లి పేరు. ఆ పేరును అతను అప్పటిదాకా ఏ ఫారంలోనూ టైపు చెయ్యలేదు, ఎవరూ అడగలేదు కూడా. వయసు ఇరవై తొమ్మిది. తేదీ. రిజిస్టరులోంచి తేదీ చూసి వేళ్ళు టకటకా కొట్టేశాయి. వాటికి అది కొత్త కాదు. ఉద్యోగం ఫారంలో, బ్యాంకు ఫారంలో, పాస్‌పోర్టు ఫారంలో, పుట్టిన తేదీ అన్నచోట ఎన్నోసార్లు కొట్టిన తేదీయే. కళ్ళు ఆ తర్వాత చూశాయి.

"నా వల్లనా అక్కా?"

"ఇదిగో, ఈ మాట నీ నోట వింటాననే ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నాను," అంది అక్క. "నీ వల్ల కాదురా. నువ్వు వేలెడంత లేవు, నువ్వేం చేస్తావ్? తెలిసినవాళ్ళు పక్కన లేకపోవడం వల్ల. అంతే. నీ మీద ఒట్టు."

అర్జీకి ఏడుపొచ్చింది. ఇంతోటి ఫారం కోసం నలభై ఒక్క ఏళ్ళ అబద్ధాన్ని అక్క తన చేత్తో తానే విప్పాల్సి వచ్చిందే అని కోపం కూడా వచ్చింది. కోపంతోనే మిగతా గళ్ళు నింపాడు. కారణం: అధిక రక్తస్రావం. బిడ్డ పరిస్థితి అన్నచోట రెండే మాటలు ఉన్నాయి, సజీవం, మృతం. సజీవం మీద నొక్కాడు. ఖాయమేనా, అని ఫారం అడిగింది. కళ్ళు తుడుచుకుని, ఖాయమే, అని నొక్కాడు.

ఇంకో గడి మిగిలింది. ప్రాజెక్టు అప్పుడే ఉండి ఉంటే ఈ మరణం ఆగేదా, ఎలా, మూడు వందల అక్షరాలు మించకుండా రాయండి. పద్నాలుగేళ్ళుగా ఇలాంటి గళ్ళు వందలు నింపినవాడు. మొదటి పేరా, రెండో పేరా, ఏదీ రాలేదు.

అక్క అతని భుజం మీదుగా వంగి చూసింది. "నేను చెప్తాను, రాయి. ఆగేది. నాకప్పుడు పన్నెండేళ్ళు. నీళ్ళు కాచమన్నారు, కాచాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలీలేదు, అందరూ నిలబడి చూశారు. ఇప్పుడు నాకు తెలుసు. రాశావా?"

"రాశాను."

"మీ ఆఫీసు భాషలోకి మార్చకు."

మార్చలేదు. సిగ్నలు వస్తూ పోతూ, నాలుగుంపావుకు ఫారం ఆకుపచ్చ రంగులోకి తిరిగి, ధన్యవాదాలు చెప్పింది.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా జవాబొచ్చింది. డబ్బు మంజూరైంది. డైరెక్టరుగారు కుర్చీలో ఎన్ని చుట్లు తిరిగారో లెక్కలేదు. "ఎక్కడ పట్టావయ్యా ఈవిణ్ణి! ఆ చివరి గడి చదివి దాతల కమిటీలో ఇద్దరు ఏడ్చారట!" అని అర్జీ వీపు చరిచారు. సూచికల మేడమ్ మాత్రం ఉత్తరం రెండో పేజీ పట్టుకుని కంగారు పడుతోంది. అందులో ఒక షరతు ఉంది.

ఆ పేజీ పట్టుకుని అర్జీ మళ్ళీ జీపెక్కాడు. షరతుకు నర్సు సంతకం కావాలి.

అక్క పంచలో బల్ల మీద కూర్చుని ఉంది. కిందటిసారి తన పేరే రాయమన్న పిల్లకు పుట్టిన బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని గోళ్ళు కత్తిరిస్తోంది. తల్లి లోపల పడుకుని నిద్రపోతోంది. అర్జీ షరతు చదివి వినిపించాడు. తల్లుల మరణాలు, ప్రస్తుత సంఖ్య, ఒకటి. ఏడాది తర్వాత ఉండవలసిన సంఖ్య, సున్నా. పైన పేర్కొన్న తల్లి మరణాన్ని సంస్థ ఏడాది లోపల నివారించి, నివారించినట్టు నివేదిక పంపవలెను. ఆ కింద అమ్మ పేరు, అచ్చులో.

"అంటే, అమ్మ చావకుండా చూడాలా?" అంది అక్క.

"అలాగే రాశారు."

అక్కకు ముందు నవ్వొచ్చింది. భుజాలు కదిలిపోయేలా నవ్వింది, బిడ్డ ఉలిక్కిపడింది. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి తిరిగిందో అర్జీకి తెలియలేదు. పక్కన కూర్చుని ఆవిడ వీపు మీద చెయ్యి వేశాడు. కాసేపటికి అక్క కొంగుతో మొహం తుడుచుకుని, కలం అడిగి తీసుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, అమ్మ పేరు కింద సంతకం చేసింది.

"చేతనైతే ఆ రోజే చేసేదాన్ని కాదట్రా," అంది.